వాసెన కట్టిన అన్నం

మా అనంతపురం పల్లెల్లో పెళ్లిళ్లయినా, ఊరి దేవుడికి చేసే దేవర్లయినా ఎండాకాలంలోనే పెట్టుకుంటారు. వానలు పడితే చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తనానికి పరిగెత్తాలి, పంట ఇంటికొచ్చేదాకా ఎవరికీ తీరిక ఉండదు. కాబట్టి మనుషులంతా ఒకచోట చేరి తినేది సరిగ్గా అన్నం తొందరగా చెడిపోయే కాలంలోనే. ఈ సంగతి తెలియకుండా గరిటె పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నేనూ అలా పట్టుకున్నదాన్నే.

ముప్పై ఏళ్లకు పైగా పెద్ద వంటలు చేశాను. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి కొలతలు అడుగుతుంటారు. నూరుమందికి ఎన్ని శేర్ల బియ్యం, ఎంత చింతపండు అని. కొలతలు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది. అయినా చెప్పే తీరాలి.

సుబ్బయ్య మేస్త్రి

నాకు పని నేర్పింది సుబ్బయ్య మేస్త్రి. తాడిపత్రిలో వ్యాపారస్తుల ఇళ్లలో పెళ్లి వంటలు చేసేవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు. మొదటి ఏడాది నా చేత గిన్నెలు తోమించి కూరగాయలు తరిగించాడే తప్ప పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. రెండో ఏడాది అన్నం వార్చనిచ్చాడు. మూడో ఏడాది ఒకరోజు పిలిచి, "సరోజా, నాకు ఈడ పెళ్లి ఉండాది. కంబదూరు పక్క ఊళ్లో దేవర ఉండాది. నువ్వు పోయి చేసిరా. మనుషుల్ని తోలుకపో" అన్నాడు. అంతకుమించి మెచ్చుకోలు ఆయన నోటి నుంచి ఎవరూ వినలేదు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మొదటిసారి

ఊరి బయట గుట్ట కింద బీడులో షామియానాలు వేశారు. ఊళ్లోంచి స్వామి పల్లకి బయలుదేరి, వీధివీధిలో కొబ్బరికాయలు కొట్టించుకుని, గుట్ట దగ్గరికి వస్తుంది. స్వామికి నైవేద్యం పెట్టాక అందరూ అక్కడే భోంచేస్తారు. పులిహోర, పెరుగన్నం, ఓళిగలు అనే బొబ్బట్లు. దేవర చేయించేది ఊరి పెద్దాయన చిన్నపరెడ్డి. నూరెకరాల మెట్ట భూమి, పంచాయతీ తగాదాలన్నీ ఆయన అరుగు మీదే తీరేవి.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. స్వామికి వండినది స్వామి చూసేదాకా ఎవరి కంటా పడకూడదు, ఎవరి నీడా తగలకూడదు. అందుకని వండిన గంగాళాల మూతికి పసుపు గుడ్డతో వాసెన కడతారు. గుడ్డ బిగించి అంచు చుట్టూ తాడుతో ముడి వేస్తే ఈగ కూడా దూరదు. ఆ ముడి విప్పే హక్కు పెద్దాయనకే.

తెల్లవారి పెరుగన్నం కలిపేసరికి అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. చల్లారనిద్దామని నేను అనుకుంటుండగానే పెద్దాయన వచ్చాడు.

"కట్టేయ్ పాపా. పల్లకి లేచే టైమాయె."

"ఇంకా కాలతాండాది రెడ్డీ. కాసేపు ఆరనీ."

"దేవునికి వేడిగా ఉంటే మంచిదే గదా. కట్టేయ్."

నాకు ఎదురు చెప్పాలనిపించింది. కానీ మేస్త్రి నమ్మి పంపిన మొదటి పని. పెద్దాయన ముందు ఆడపిల్ల వాదిస్తే బాగుండదని నోరు మూసుకున్నాను. నా చేతులతోనే కట్టాను.

పల్లకి ఎనిమిదింటికి లేచింది. గుట్ట చేరేసరికి మధ్యాహ్నం మూడు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగింది. ఒక సందులో పల్లకి మోసే బొంగు విరిగితే కొత్తది తెచ్చి కట్టుకున్నారు. అంతసేపూ గంగాళాలు రేకుల పందిరి నీడలో వాసెన కట్టుకుని కూర్చున్నాయి. ఆ రేకుల కింద నిలబడితేనే మాడు కాలిపోయేది.

నైవేద్యం అయ్యాక ముడి విప్పారు. పులిహోర బాగానే ఉంది. పెరుగన్నం గంగాళం మీద వంగి చూశాను. వాసన వచ్చింది. పెద్ద వాసన కాదు. మామూలు మనిషి అయితే పెరుగు పులిసింది అనుకుంటాడు. నాకు తెలుసు అది పులుపు కాదని.

ఇప్పుడు చెప్పే మాట ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక్క మేస్త్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను ఆ అన్నం పారబోయలేదు. అల్లం తరిగి వేశాను. పచ్చిమిరపకాయలు వేశాను. తాలింపులో ఇంగువ రెండింతలు చేశాను. తాజా పెరుగు తెప్పించి పోసి కలిపాను. ఆ వాసన అణిగిపోయింది. ఎండలో నాలుగు మైళ్లు నడిచొచ్చిన జనం ఆవురావురుమంటూ తిన్నారు.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. చాలామంది మజ్జిగ, నిమ్మకాయ నీళ్లతో తేరుకున్నారు. ఓబులవ్వ అనే ముసలామె మాత్రం కళ్లు తేలేసింది. జీపులో కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయారు. నేనూ వెనకాలే పోయాను. రెండు రోజులు ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. ఆమెకు ఏమైనా అయితే నేను ఏం చెయ్యాలి, ఎక్కడికి పోవాలి అని తప్ప మరో ఆలోచన లేదు.

మూడో రోజు పొద్దున అవ్వ కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీ పెరుగన్నం బలే ఉండె పాపా. రెండుసార్లు పెట్టించుకుంటి" అంది.

తిట్టినా బాగుండేది. ఆసుపత్రి వరండాలోకి పోయి ఏడ్చాను.

మేస్త్రి అడిగిన ప్రశ్న

తాడిపత్రికి తిరిగి వచ్చి జరిగినదంతా చెప్పాను. పెద్దాయన కట్టమన్నాడని, పల్లకి ఆలస్యమైందని, రేకుల వేడి అని. సుబ్బయ్య మేస్త్రి బీడీ ఆర్పి ఒకటే అడిగాడు.

"విప్పినప్పుడు నీకు వాసన తెలిసెనా, తెలీలేదా?"

"తెలిసింది."

"తెలిసి పెట్టినావా?"

అల్లం, ఇంగువ సంగతి కూడా చెప్పేశాను.

"పారబొయ్యడానికి చెయ్యి రాకుంటే గరిటె పట్టుకోవద్దు, పో."

నెల రోజులు పనికి పిలవలేదు. తర్వాత ఒక పొద్దున తనే మా ఇంటికి వచ్చి, వాకిట్లో నిలబడి, "రా, అన్నం ఆరబెట్టేది నేర్పిస్తా" అన్నాడు. వండడం నేర్పడానికి రెండేళ్లు తీసుకున్న మనిషి, ఆరబెట్టడం నేర్పడానికి ఇంకో రెండేళ్లు తీసుకున్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ రెండో చదువే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది.

ఆరబెట్టే పని

కొత్తవాళ్లు ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

ముందుగా వండిపెట్టే అన్నం రెండు రకాలుగానే ఉండాలి. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా, లేదా పూర్తిగా చల్లగా. మధ్యలో గోరువెచ్చగా ఉన్నది ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. గంగాళం పైన చల్లగా తగులుతుంది, నడుమ ఇంకా ఉడుకుతున్నట్టే ఉంటుంది. పైన ముట్టుకుని సరే అనుకునేవాడు వంటవాడు కాడు. మణికట్టు దాకా లోపలికి పెట్టి, చేతి వెనక వైపుతో చూడాలి. అరచెయ్యి పొయ్యి దగ్గర మొద్దుబారి ఉంటుంది, దాన్ని నమ్మకండి.

ఈతచాపల మీద ఉతికి ఎండబెట్టిన తెల్ల పంచెలు పరిచి, గాలి తగిలే నీడలో అన్నం రెండు వేళ్ల మందాన పరచాలి. కుప్ప పోయకూడదు. నూనె, పసుపు అప్పుడే చల్లాలి. ఆరిన తర్వాతే పులిహోర గుజ్జు కలపాలి. గుజ్జు రెండు రోజుల ముందే నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకోవచ్చు, పాడుకాదు. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, పూర్తిగా చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోసి ఒక్క గరిటె పెరుగు వెయ్యండి. తినే వేళకు అది అన్నంలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగు దండిగా పోసి పొద్దున్నే కలిపితే మధ్యాహ్నానికి పుల్లటి గంజి తింటారు.

ఎండాకాలంలో బయటి భోజనానికి కొబ్బరి వద్దు. చట్నీ అడిగితే చెనిక్కాయల పొడి ఇవ్వండి. ఆలుగడ్డ కూర వద్దు. ఓళిగలు వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పేర్చకండి, చెమట పట్టి అడుగువి బూజు పడతాయి. పలచగా కొట్టి కరకరలాడేలా కాల్చిన జొన్నరొట్టెలు మాత్రం నాలుగు రోజులైనా ఏమీ కావు. మన పెద్దవాళ్లు ఈ నేల మీద ఊరికే బతకలేదు.

ఒకసారి శింగనమల వైపు ఒక సభకు పులిహోర పొట్లాలు కట్టమన్నారు. పొద్దున ఆరింటికి వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లలో కట్టేస్తే లారీలో వేసుకుపోతామని ఒక నాయకుడి మనిషి తొందర పెట్టాడు. నేను ఆరబెడుతూ కూర్చున్నాను.

"ఏమక్కా, ఆడమనిషికి ఇంత మొండితనమా?"

"అన్నా, ఒక పొట్లం వేడిగానే కట్టిస్తా. నీ జేబులో పెట్టుకోని ఎండలో తిరుగు. మధ్యాహ్నం నా ముందర తిను. తర్వాత మిగతావి కడతా."

అతను పొట్లం వద్దన్నాడు. నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, అన్నం ఆరేదాకా సిగరెట్లు కాల్చాడు.

ఇంకొకటి. మేస్త్రి నేర్పింది కాదు, నేను పెట్టుకున్న కట్టుబాటు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఎండాకాలం పనికి ఎక్కడికి పోయినా రెండు పెద్ద మూటల బొరుగులు, పుట్నాల పొడి, నిమ్మకాయలు వెంట తీసుకుపోయేదాన్ని. వండినది పారబోయాల్సి వస్తే చేతిలో ఏదో ఉండాలి. ఏమీ లేకపోతేనే మనిషి అల్లం తరగడం మొదలుపెడతాడు. జనం నన్ను 'బొరుగులక్క' అని ఎగతాళి చేసేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ మూటలు విప్పకుండానే ఇంటికి తెచ్చి, వీధిలో పిల్లలకు పంచేదాన్ని.

రెండోసారి

పదిహేనేళ్ల తర్వాత చిన్నపరెడ్డి కొడుకు శివారెడ్డి మా ఇంటికి వచ్చాడు. రాజకీయాల్లోకి దిగాడు, దేవర ఘనంగా చెయ్యాలన్నాడు. అదే గుట్ట, అదే స్వామి. వద్దందామనుకున్నాను. కానీ ఆ ఊళ్లో నేను చేసిన తప్పు ఆ ఊళ్లోనే కడుక్కోవాలని మనసులో ఎక్కడో ఉండేది. ఒక షరతు పెట్టాను.

"నైవేద్యానికి చిన్న గిన్నెలో వేరేగా వండుతా. దానికి వాసెన కట్టుకోండి. జనం తినే అన్నం జోలికి ఎవరూ రాకూడదు."

"సరేలే అక్కా. నాయనకు నేను చెప్తా" అన్నాడు.

చెప్పలేదని ఆ రోజు తెలిసింది.

తెల్లవారేసరికి అయిదు గంగాళాల అన్నం వార్చి, చింతచెట్ల కింద చాపల మీద పరిపించాను. నీళ్ల ట్యాంకరు రాలేదని ఫోన్ వస్తే, లక్ష్మక్కను కాపలా పెట్టి రోడ్డు దాకా పోయాను. లక్ష్మక్క అప్పటికే పదేళ్లుగా నాతో కలిసి పనిచేస్తున్న మనిషి. ట్యాంకరును గుంతల దారిలో తోలుకుని తిరిగి వచ్చేసరికి చాపలు ఖాళీగా ఉన్నాయి. అయిదు గంగాళాలూ పసుపు గుడ్డలు కట్టుకుని రేకుల కింద వరసగా ఉన్నాయి. లక్ష్మక్క ఏడుస్తోంది.

"పెద్దాయన వచ్చెనక్కా. స్వామి అన్నం బయట పరుస్తారా, కాకులు చూస్తాండాయి అని రంకెలేసె. నైవేద్యం గిన్నెది గూడా కలిపి, మనుషుల్ని పెట్టి ఎత్తిపోయించె. నా మాట యాడ వింటాడు?"

సగం ఆరిన అన్నం. సరిగ్గా గోరువెచ్చగా ఉన్నప్పుడు కుప్ప పోసి మూతి బిగించారు. పెద్దాయన అప్పటికే పల్లకి వెంట ఊళ్లోకి పోయాడు. కాపలా ఉన్న మనుషులు ముడి ముట్టుకోనివ్వలేదు. శివారెడ్డికి ఫోన్ చేశాను.

"నాయన ఒప్పుకోడక్కా. ఇంకో గంటలో పల్లకి వచ్చేస్తాది. ఓర్చుకో."

గంట అయింది, రెండు గంటలు అయ్యాయి. పల్లకి ఇంకా మూడో వీధిలో ఉందన్నారు. ట్రాక్టర్ల మీద జనం దిగుతున్నారు. చంటిపిల్లల తల్లులు షామియానా అంచుల్లో కూర్చున్నారు. ఒంటిగంట దాటింది. అప్పుడు ఒక ట్రాక్టరు మీంచి నలుగురు పట్టి ఒక ముసలామెను దించారు. చేతికర్రతో నెమ్మదిగా నడిచివచ్చి నా ముందే కూర్చుంది. ఓబులవ్వ. చూపు మందగించింది కానీ నా గొంతు గుర్తుపట్టింది.

"పెరుగన్నం ఉండాదా పాపా ఈసారి గూడా?"

నేను కూరగాయల కత్తి తీసుకుని రేకుల కిందికి పోయాను. కాపలా మనిషి అడ్డం వచ్చాడు. "అక్కా, పెద్దాయన సంపుతాడు" అన్నాడు. "నన్నే గదా, నిన్ను కాదులే" అని మొదటి ముడి కోశాను. చెయ్యి మణికట్టు దాకా పెట్టాను. నడుమ వెచ్చగా, జిగటగా ఉంది. మెతుకు నలిపితే తీగ సాగింది. వాసన పదిహేనేళ్ల కిందటిదే. మరచిపోయి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్న వాసన. అయిదు ముడులూ కోశాను. రెండు గంగాళాలు పరవాలేదని లక్ష్మక్క అంది. పరవాలేదు అనుకున్నవి కూడా వద్దన్నాను.

గుంత తవ్వించి అయిదూ పోయించాను, కుక్కలు తవ్వకుండా మట్టి కప్పించాను. సగం పోస్తుండగా పల్లకి వదిలేసి పెద్దాయన మోటారుసైకిల్ మీద వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ముఖం ఎర్రబడి ఊగిపోతున్నాడు.

"స్వామి అన్నం మట్టిలో పోస్తివా! నా వాసెన కోసేకి నీకెంత ధైర్యమే?"

"స్వామికి పాచి అన్నం పెడతావా రెడ్డీ? పోయినసారి నువ్వు కట్టమన్నావు, నేను కడితి. వాసనొస్తే అల్లమేసి మాపితి. ఈ అవ్వ ఆసుపత్రిలో పడింది ఎండకు కాదు, నా చేతి అన్నానికి. ఈసారి నా చేతుల్తో ఆ పని జరగదు. నువ్వు కొట్టినా సరే."

గట్టిగానే అన్నాను. నూరుమంది విన్నారు. ఓబులవ్వ కూడా విన్నది. పెద్దాయన గుంత అంచు దాకా వచ్చాడు. జనం వైపు చూశాడు, గుంత వైపు చూశాడు. అక్కడి దాకా వస్తున్న వాసన ఆయన ముక్కుకూ తగిలే ఉంటుంది.

"పల్లకి వచ్చాండాది. ఇప్పుడేం పెడతావు దేవునికి?" అన్నాడు చివరికి. గొంతు తగ్గింది.

"ఒక గంట ఇయ్యి."

బొరుగుల మూటలు విప్పాం. చాలవని శివారెడ్డి కంబదూరులో దొరికినన్ని తెప్పించాడు. తొట్టెల్లో నానబెట్టి, పిండి, బాణలి వెంట బాణలి తాలింపు వేశాం. పసుపు, పచ్చిమిరపకాయలు, పుట్నాల పొడి, నిమ్మరసం. ఉగ్గాని. మన వైపు పొద్దున బండి దగ్గర నిలబడి తినే ఉగ్గాని. మొదటి బాణలిలో ఉల్లిపాయ వెయ్యకుండా, ఉప్పు కూడా రుచి చూడకుండా, ఒక చిన్న గిన్నెకు తీసి పెద్దాయన చేతికి ఇచ్చాను. ఆయన తన కండువా చింపి ఆ గిన్నెకు వాసెన కట్టుకున్నాడు. ఆ రోజు ఒక్కరికి కూడా కడుపునొప్పి రాలేదు.

వెళ్లేముందు ఓబులవ్వ దగ్గర కూర్చున్నాను. ఆమె ఉగ్గాని తిని ఆకు మడిచింది. తర్వాత, "ఆ పొద్దు నాకు గూడా వాసనొచ్చె పాపా. చిన్నపిల్లవు, నలుగురిలో పరువు పోతాదని మాట్లాడకుంటి" అంది.

ఈ మాట గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. నా పరువు కోసం ఆమె తినింది. రెండుసార్లు పెట్టించుకుని తినింది.

పెద్దాయన తర్వాత నన్ను ఆ ఊరికి పిలవలేదు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా రెండేళ్లు నాకు పని లేదు. వాసెన కోసిన మనిషిని దేవరకు ఎవరు పిలుస్తారు? మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ కోస్తాను. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మిమ్మల్ని పిలిచిన పెద్దమనిషి మీ యజమాని కాడు, ఆకు ముందు కూర్చున్న మనిషే.

ఈ ఏడు

పెద్దాయనా లేడు, ఓబులవ్వా లేదు. ఈ ఎండాకాలం శివారెడ్డి కారు పంపితే చుట్టంగా దేవరకు పోయాను. స్వామి ముందు ఒకే ఒక చిన్న గిన్నె ఉంది, దానికి పసుపు వాసెన. విప్పితే ఉగ్గాని, ఉల్లిపాయ లేకుండా. పక్కన కూర్చున్న ఆ ఇంటి కొత్త కోడలిని ఏమీ తెలియనట్టు అడిగాను.

"స్వామికి ఉగ్గాని పెడతారా?"

"మా స్వామికి ఇదే ఇష్టం అవ్వా. తాతల కాలం నుంచి ఇంతే" అంది.

చింతచెట్ల కింద తెల్ల పంచెల మీద అన్నం రెండు వేళ్ల మందాన ఆరుతోంది. వంట చేస్తున్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు. వంగి, చేతి వెనక వైపుతో అన్నం చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకాసేపు ఆరనిమ్మంది. పెద్దమనుషులు ఎండలో నిలబడి ఎదురుచూశారు.

పంక్తిలో కూర్చున్నాను. పెరుగన్నం చల్లగా, కమ్మగా ఉంది. రెండుసార్లు పెట్టించుకున్నాను.